ముక్కోటి నాటి నీళ్ళు

మైపాడు
14 జూలై 2024, ఆదివారం

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. వదిన పోయి నెల దాటిందనీ, ఇంట్లో ఏదీ కదపలేదనీ రాశావు. చదివి, ఏం జవాబు రాయాలో తోచక పక్కన పెట్టాను. ఇప్పుడూ తోచలేదు. అందుకని నా సంగతులే రాస్తాను.

మైపాడులో గది తీసుకున్నాను. మేడ మీద ఒక్కటే గది, ముందు వరండా. నెల్లూరులో కాలేజీ పక్కనే ఉండేదాన్ని, ఇప్పుడు రోజూ బస్సులో వెళ్ళి రావాలి. యాభై ఏళ్ళు దాటాక ఈ తిప్పలెందుకంటావు. మా క్లినిక్ కేసులన్నీ ఈ తీరంలోనే ఉన్నాయి, దగ్గర ఉంటే తప్ప జనం నోరు విప్పరు. ఈ రోజు ఆదివారం కదా, సముద్రం చూడడానికి టౌను వాళ్ళు ఆటోల్లో దిగుతున్నారు. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోతారు. ఆ తర్వాత నాతో మాట్లాడేది కింద ఇంటి రేడియో ఒక్కటే.

క్లినిక్ అంటే ఆసుపత్రి కాదని నీకెన్నిసార్లు చెప్పానో. లాయరును పెట్టుకోలేని వాళ్ళ కేసులు మా లా కాలేజీ పిల్లలు తీసుకుంటారు. పల్లెలకు వెళ్ళి వివరాలు రాసుకోవడం, నీళ్ళు పరీక్షకు పంపడం, పిటిషన్ తయారు చేయడం అన్నీ వాళ్ళే. చెన్నైలో సమాధానం గారనే లాయరు దాన్ని పర్యావరణ ట్రిబ్యునల్లో వేస్తారు. నా పని వెనక కూర్చోవడం. మొన్న చెంగయ్య అనే పెద్దాయన బోర్డు చూసి, ఆసుపత్రనుకుని కాలి పుండు చూపించడానికి వచ్చాడు. పిల్లలు కూర్చోబెట్టి అడిగితే, రొయ్యల గుంటల నుంచి వదిలే నీళ్ళలో రోజూ నడుస్తున్నాడని తేలింది. ఆయన పేరూ రాసుకున్నాం.

ఈ ఏడాది ఎనిమిది మంది పిల్లలు. కిషోర్ బాబని ఒకడున్నాడు, చురుకైనవాడు, మాట్లాడేటప్పుడు నేను చెయ్యి తిప్పినట్టే తనూ తిప్పుతాడు. వెన్నెల అని ఒకమ్మాయి, అడిగిందే మళ్ళీ అడుగుతుంది. మిగతావాళ్ళకు అది విసుగు. నాకు మాత్రం ఆ పిల్ల మీదే ఆశ.

వాళ్ళ ముఖ్యమైన కేసు రాఘవమ్మది. మైపాడుకు కొంచెం లోపల అర ఎకరం వంగతోట, ఒక మంచినీళ్ళ బావి. పక్క పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. ఉప్పునీళ్ళు ఊరి ఊరి ఆమె బావి పాడైంది. పోయిన డిసెంబరు 23న, ముక్కోటి నాడు స్నానం చేసి, పూజకని నీళ్ళు తోడి తీర్థంగా నోట్లో పోసుకుంటే ఉప్పు తగిలిందట. జనవరిలోనే పోయినేటి పిల్లలు వచ్చి రాసుకున్నారు. ఆ తర్వాత పరీక్షలన్నారు, సెలవులన్నారు, నేనేమో వదిన దగ్గరున్నాను, ఫైలు బీరువాలో ఉండిపోయింది. ఈ జట్టును చూసి రాఘవమ్మ, "మొన్న ఒక జట్టు వొచ్చి పోయినారు. మళ్ళా మొదట్నుంచి చెప్పాలనా?" అని అడిగింది. పాపం, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

నాకొక నియమం ఉంది. పిల్లల ఫైలు నేను ముట్టను, వాళ్ళు మాట్లాడుతుంటే నేను మాట్లాడను. ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోగా వెళ్ళాలి. అది జూన్ 23తో అయిపోయింది. ఆలస్యానికి కారణం చెప్పుకుంటే ఇంకో అరవై రోజులు ఇస్తారు, అంటే ఆగస్టు 22. ఈ సంగతి పిల్లలకు నేను చెప్పలేదు. ముక్కోటి అన్న మాట వాళ్ళ చెవిన పడింది, చట్టం వాళ్ళ బల్ల మీద ఉంది. రెండూ కలిపి వాళ్ళే చూసుకోవాలి. ఒకసారి అలా కనుక్కున్నవాడు జన్మలో గడువు మరిచిపోడు.

వేళకు తిను.

నీ చెల్లెలు,
అబిగయీలు


బిట్రగుంట
28 జూలై 2024

చెల్లెమ్మకు,

ఉత్తరం చేరింది. వరండాలో కూర్చుని రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే పక్కింటావిడ తొంగి చూసి ఏదో అడిగింది. మామూలుగానే తల ఊపాను. ఆవిడ మొహం చూస్తే తల ఊపాల్సిన ప్రశ్న కాదనిపించింది.

ఇప్పుడు ఎడమ చెవి కూడా పోయింది. డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు, ఇంజన్ల మోత ముప్పై ఏళ్ళు విన్నందుకు అని. సెల్‌ఫోను ఎందుకు తీయవని నన్ను మళ్ళీ అడగొద్దు. అందులో అక్షరాలు నొక్కి నీకు నాలుగు ముక్కలు పంపడం కంటే ఇలా రాయడమే నాకు హాయి. ఆదివారం గుడికి వెళ్తున్నాను. పాట అయిపోయిందని పక్కవాడు కూర్చున్నప్పుడే తెలుస్తుంది. పోయిన వారం నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను.

మీ వదిన చీరలు షారన్ వచ్చి తీసుకెళ్తానంది. కూతురు కదా, ఆమెకే చెందాలి. నేనే ఇంకా బీరువా తాళం ఇవ్వలేదు.

నీ క్లినిక్ సంగతి చదివితే నాకు కొంచెం కోపం వచ్చింది. ఆగస్టు 22 అని నీకు తెలుసు, పిల్లలకు తెలియదు, ఆ రాఘవమ్మకు అసలే తెలియదు. తెలిసినదానివి చెప్పేయరాదూ? రైలు గార్డుగా నేను కొత్తవాళ్ళకు పని నేర్పాను. జెండా ఎప్పుడు ఊపాలో వాళ్ళంతట వాళ్ళు కనుక్కుంటారని బండిని వదిలేయలేదు. నువ్వు పెద్ద చదువులు చదివావు, నీ పద్ధతి నీకుంటుంది. అయినా ఆ బావి పిల్లలు పాఠం నేర్చుకోవడానికి తవ్వింది కాదు కదా.

ఇంత కటువుగా రాసి చింపేద్దామనుకున్నాను. పాతికేళ్ళ నుంచి పిల్లలకు చదువు చెబుతున్నదానివి, ఈ మాటకు నొచ్చుకోవులే అని పంపుతున్నాను.

అన్న,
క్రీస్తురాజు


మైపాడు
6 అక్టోబరు 2024

అన్నకు,

రెండు నెలలు రాయలేదు, తిట్టు. ఆగస్టులో కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. పదిహేను రోజుల ముందు నుంచీ గోడలకు రంగులు, ఫైళ్ళకు కొత్త అట్టలు, పూలకుండీలు. క్లినిక్ చూపించే బాధ్యత నాది. వాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు. రాష్ట్రంలో ఇలాంటిది చూడలేదన్నారట, ప్రిన్సిపాల్ గారు మూడు మీటింగుల్లో చెప్పారు.

అంతకంటే మంచి వార్త, రాఘవమ్మ పిటిషన్ సెప్టెంబరు 25న దాఖలైంది. ఉగాది నాడు పచ్చడి కలపడానికి నీళ్ళు తోడి రుచి చూస్తే ఉప్పు తగిలిందని ఆమె అఫిడవిట్ ఇచ్చింది. ఉగాది నుంచి ఆరు నెలలు నిండలేదు కాబట్టి గడువు పేచీ కూడా లేదు. వారం తిరక్కుండానే, కేసు తేలేదాకా గుంటల నీళ్ళు బయటికి వదలొద్దని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. సమాధానం గారు ఫోన్లో చెబుతుంటే స్పీకరు పెట్టాను. పిల్లలు బల్లలు గుద్దారు. కిషోర్ బాబు బయటికి పరిగెత్తి అందరికీ సమోసాలు తెచ్చాడు.

ఊరికి వెళ్ళి రాఘవమ్మకు చెప్పాం. ఆమె చేతులు కట్టుకుని విని, అయితే గుంటల్లో నీళ్ళు తోడే మోటార్లు ఆగతాయా అని అడిగింది. ఆగుతాయన్నాం. నిజంగానే ఆగాయి. వానలు కూడా మొదలయ్యాయి. రెండు నెలల్లో బావి కొంత తేరుకోవచ్చని నీళ్ళు పరీక్ష చేసినాయన చెప్పాడు.

వెన్నెల మాత్రం ఈ మధ్య మాట్లాడడం లేదు. క్లాసులో చివర కూర్చుంటోంది. ఇంట్లో ఏదైనా ఇబ్బందేమో, నేను అడగలేదు. ఈ వయసు పిల్లలకు ఉండేవే ఉంటాయి.

సముద్రం బాగా రేగింది. పడవలు ఒడ్డునే ఉన్నాయి. జాలర్లు వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటే వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని వస్తున్నాను. వాళ్ళు నన్ను లాయరమ్మ అంటారు. కాదని చెప్పడం మానేశాను.

చెవి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళావా? తాళం ఇచ్చావా?

అబిగయీలు


బిట్రగుంట
20 అక్టోబరు 2024

చెల్లెమ్మకు,

తాళం ఇచ్చాను. షారన్ ఒక్క చీర నాకని వదిలేసి వెళ్ళింది. చీర పెట్టుకుని నేనేం చేసుకోను. అయినా మడత పెట్టి ఉంచాను.

పనేమీ లేనివాణ్ణి. నీ ఉత్తరాలన్నీ వరస పెట్టి ఉంచుకుంటాను, అప్పుడప్పుడు తీసి మళ్ళీ చదువుతాను. నిన్న జూలై ఉత్తరం, అక్టోబరు ఉత్తరం పక్కపక్కన పడ్డాయి. జూలైలో ఆమె నీళ్ళు నోట్లో పోసుకున్నది ముక్కోటి నాడు. అక్టోబరులో ఉగాది నాడు. జూలైలో గడువు ఆగస్టు 22. అక్టోబరులో గడువు పేచీయే లేదు. మూడున్నర నెలల తేడా ఎక్కడికి పోయిందో చూద్దామని క్యాలెండరు ముందేసుకుని కూర్చున్నాను.

నేను పొరపాటు పడి ఉంటే సంతోషం. ముసలాయనకు చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయని నవ్వుకో.

పొరపాటు కాకపోతే ఒక్కటి అడుగుతాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నువ్వు ఇక్కడే ఉన్నావు. మీ వదినకు స్నానం చేయించావు, అన్నం కలిపి పెట్టావు, ఆ మూడు నెలలు నీ ఫైళ్ళ పేరెత్తలేదు. ఆలస్యం మా వల్లే జరిగిందా? అదొక్కటే చెప్పు. మిగతాది చెప్పాలనిపిస్తేనే చెప్పు.

క్రీస్తురాజు


మైపాడు
1 డిసెంబరు 2024

అన్నా,

నీ ఉత్తరం వచ్చి ఐదు వారాలు దాటింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపను.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. మీ వల్ల కాదు. జూలైలో కాలేజీ తెరిచేసరికి ఇంకా యాభై రోజులున్నాయి. పిల్లలను పిలిచి, గడువు ఇదీ, రాయండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు ఆ మాటే రాశావు. చదివి నాకు ఒళ్ళు మండింది. రైల్వేగార్డుకు చదువు చెప్పే పద్ధతి గురించి ఏం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పిల్లలు కనుక్కుంటారని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆగస్టు పది దాటాక చెప్పేద్దామనుకున్నాను. ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నాను. ఇంతలో తనిఖీ హడావిడి. ఆగస్టు 22న నేను క్లినిక్ గదిలో గోడకు ఫోటోలు తగిలిస్తున్నాను. అందులో ఒకటి రాఘవమ్మ బావి ఫోటో. అది కొంచెం వంకరగా ఉందని రెండుసార్లు సరిచేశాను. ఆ రోజు తేదీ ఎంతో నాకు మూడు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

ఆగస్టు ముప్పైన వెన్నెల పరిగెత్తుకుంటూ వచ్చింది. గడువు కనుక్కుంది. నేను ఆశించినట్టే, తనంతట తానే, చట్టం తిరగేసి. మొహం పాలిపోయి ఉంది. "వారం దాటింది మేడమ్, ఇప్పుడెట్లా?" అంది. నాకు ముందే తెలుసని ఆ పిల్లకు చెప్పలేదు.

అందరం రాఘవమ్మ ఇంటికి వెళ్ళాం. వెన్నెల అఫిడవిట్ రాయడానికి కూర్చుంది. నీళ్ళు ఎప్పుడు ఉప్పయ్యాయని అడిగింది. రాఘవమ్మ ముక్కోటని చెప్పబోతోంది. అన్నా, పాతికేళ్ళలో మొదటిసారి నేను పిల్లల మధ్యలో నోరు పెట్టాను. "తాగడానికి బొత్తిగా లేకుండా పోయింది ఉగాది నాటికే కదమ్మా?" అన్నాను. రాఘవమ్మ నా వైపు చూసింది. నేను చెయ్యి ఇలా తిప్పాను, సరిపెట్టేద్దాం అన్నట్టు. "మీరెట్లా అంటే అట్లానేనమ్మా" అంది. వెన్నెల కలం ఆగింది. నేను, "రాసుకో" అన్నాను. రాసుకుంది. పచ్చడి సంగతి ఎవరు కలిపారో కూడా చెప్పాలా? నేనే.

అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఉప్పు రోజురోజుకూ పెరిగిందన్నది నిజం, ఉగాదికి అసలు తాగలేకపోయారన్నదీ నిజమే అయి ఉంటుంది. కానీ నేను ఆమెను అది అడగలేదు. ఆమెకు చెప్పాను.

ఇంతవరకూ మోయగలిగాను. మోటార్లు ఆగాయి, వానలు పడ్డాయి, పోయిన వారం రాఘవమ్మ చెంబుతో నీళ్ళిచ్చి తాగి చూడమంది. ఉప్పు తగ్గింది, నిజంగానే తగ్గింది. ఆమె మొహంలో నవ్వు చూసి, చేసింది మంచికే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

మొన్న గురువారం చెంగయ్య కేసు. కాలి పుండు ఆయన. పిల్లలు లోపల మాట్లాడుతున్నారు, నేను చెప్పులు విప్పి గుమ్మం దగ్గర ఆగాను. పుండు రెండేళ్ళ నుంచి ఉందంటున్నాడు చెంగయ్య. కిషోర్ బాబు చెయ్యి అలాగే తిప్పి, "అవన్నీ కలిపి చెప్పబాక తాతా. పెద్దదయింది ఈ ఎండాకాలంలోనే గదా? అదే చెప్దాం" అన్నాడు. గొంతు కూడా నాదే. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. తడబడలేదు. బాగా చేశానా మేడమ్ అన్నట్టు నవ్వాడు.

పాతికేళ్ళు వెనక కూర్చుని నేర్పినదేదీ వాళ్ళకు అంటలేదు. ఒక్కసారి ముందుకొచ్చి చేసింది అంటింది.

ఇప్పుడు నిజం చెబితే కేసు పోతుంది, ఉత్తర్వు పోతుంది, మోటార్లు మళ్ళీ ఆడతాయి. చెప్పకపోతే బావి బతుకుతుంది, ఈ ఎనిమిది మంది ఇదే వృత్తి అనుకుని వెళ్ళిపోతారు. ఎవరితో అనాలో తెలియదు. కాలేజీలో నన్ను మెచ్చుకునే వాళ్ళే కానీ మాట్లాడుకునే వాళ్ళు లేరు. వరండాలో కూర్చుని నీకు రాస్తున్నాను. ఏం చేయమంటావు?

అబి


బిట్రగుంట
17 డిసెంబరు 2024

అబీ,

ఏం చేయాలో చెప్పేంత గొప్పవాణ్ణి కాదు నేను. ఎందుకు కాదో రాస్తాను. ఇది మీ వదినకు కూడా చెప్పలేదు. పెళ్ళయి నలభై ఏళ్ళు, పక్కనే పడుకున్న మనిషికి చెప్పలేదు.

తొంభై మూడులో మా గూడ్సుబండి ఒక గేటు దగ్గర ఎడ్లబండిని కొట్టింది. ఎడ్లు చచ్చిపోయాయి, తోలేవాడు దూకి బతికాడు. గేటు తెరిచే ఉంది. ఎందుకంటే స్టేషను నుంచి గేటుకు చెప్పిన టైము కంటే మేము నాలుగు నిమిషాలు ముందు వచ్చాం. డ్రైవరు నా స్నేహితుడు, ఇంటికి తొందరగా చేరాలని లాగించాడు. ఏ స్టేషను ఎన్ని గంటలకు దాటామో గార్డు తన పుస్తకంలో రాయాలి. ఆ రాత నాది. స్నేహితుడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను నాలుగు నిమిషాలు దిద్దాను.

విచారణలో నా పుస్తకం చూశారు. బండి టైముకే వచ్చింది, గేటు వేయడమే ఆలస్యమైంది అని తేల్చారు. గేటు మనిషి పేరు మాల్యాద్రి. ఉద్యోగం పోయింది. ఆ మనిషి విచారణలో ఒకటే మాట అన్నాడు, బండి ముందుగా వచ్చిందయ్యా అని. ఎవరూ నమ్మలేదు. నా రాత చాలా నీటుగా ఉండేది.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఆయనను వెతుక్కుంటూ వెళ్ళాను. పక్క ఊరే. ముప్పై ఒక్క ఏళ్ళు అటు వైపు తిరిగి చూడలేదు. మాల్యాద్రి పోయి ఎనిమిదేళ్ళయిందని దారి చూపిన కుర్రాడు కాగితం మీద రాసి చూపించాడు. ఆయన భార్య ఉంది. అరుగు మీద కూర్చుని నేను చెప్పాల్సింది చెప్పాను. నా గొంతు ఎంత పెద్దదిగా ఉందో నాకు తెలియదు, పక్కింటి వాళ్ళు కూడా బయటికి వచ్చారు.

తర్వాత ఆమె మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది, అరగంట ఉంటుంది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది, ఒకసారి నవ్వినట్టు కూడా అనిపించింది. నాకు ఒక్క ముక్క వినపడలేదు అబీ. తిట్టిందో, క్షమించిందో, ఆయన పోయిన రోజు సంగతి చెప్పిందో తెలియదు. కాగితం చాపితే చెయ్యి అడ్డంగా ఊపింది, ఆమెకు రాయడం రాదు. చుట్టూ చేరినవాళ్ళను రాసి ఇవ్వమనడానికి నాకు మొహం చెల్లలేదు. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

వినగలిగే రోజుల్లో వెళ్ళలేదు. అదీ నా బాధ. నీకు చెవులు బాగున్నాయి. ట్రిబ్యునల్ సంగతి, పిల్లల సంగతి తర్వాత చూసుకుందువు. ముందు ఆ రాఘవమ్మ దగ్గరికి వెళ్ళు. వెళ్ళి ఆమె ఏమంటుందో విను.

క్రీస్తురాజు


మైపాడు
23 ఫిబ్రవరి 2025, ఆదివారం

అన్నకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నీకోసమా, నాకోసమా అంటే చెప్పలేను. వచ్చే శనివారం బిట్రగుంట వస్తాను. నీకు ఇష్టమైతే ఇద్దరం మాల్యాద్రి గారింటికి మళ్ళీ వెళ్దాం. ఆమె చెప్పేది చెప్పినట్టు కాగితం మీద పెట్టి నీకిస్తాను. మంచైనా చెడైనా ఒక్క మాట మార్చను.

క్రిస్మస్ మర్నాడు రాఘవమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. వంగమొక్కలకు నీళ్ళు పెడుతోంది. గడువు తప్పింది నా వల్లేననీ, ఉగాది అని రాయించింది నేనేననీ, ఇప్పుడు అది వెనక్కి తీసుకోవాలనుకుంటున్నాననీ చెప్పాను. తీసుకుంటే మోటార్లు మళ్ళీ ఆడతాయని కూడా చెప్పాను. ఆమె కాలవకు మట్టి అడ్డం వేసి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"నేను ముక్కోటనే చెప్పినాను గదమ్మా. మొదటి జట్టు పిల్లోళ్ళకీ అదే చెప్పినా, రెండో జట్టుకీ అదే చెప్పినా. నువ్వు ఉగాదన్నావు. చదువుకున్న దానివి, నా బావి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసేమో అనుకున్నా" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత, తనను జైలుకు పంపుతారా అని అడిగింది. పంపరు, తప్పు నాదని రాసిస్తానన్నాను. సరేనమ్మా, మళ్ళీ మీరెట్లా అంటే అట్లానే అంది. అన్నా, ఆ మాట రెండోసారి వినలేకపోయాను.

జనవరి మొదటి వారంలో క్లాసులో చెప్పాను. బోర్డు మీద ముక్కోటి తేదీ, గడువు తేదీ, మేము దాఖలు చేసిన తేదీ రాసి, నాకు ఏది ఎప్పుడు తెలుసో వరసగా చెప్పాను. చెంగయ్య కాగితం కూడా తీయించి రెండేళ్ళని దిద్దించాను.  కిషోర్ బాబు లేచి, "అయితే మనం ఓడిపోవాలా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. "ఆమెకేం చెప్పుకోవాలి?" అన్నాడు. చెప్పి వచ్చానన్నాను. కూర్చున్నాడు. నా మొహం చూడలేదు. ఇప్పటికీ చూడడం లేదు. వెన్నెల మాత్రం క్లాసయ్యాక ఆగి, "జూలైలోనే మీకు తెలుసా మేడమ్?" అని మళ్ళీ అడిగింది. బోర్డు మీద ఉంది, నేను నోటితోనూ చెప్పాను, అయినా అడిగింది. తెలుసన్నాను. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. వారం తర్వాత క్లినిక్ నుంచి పేరు తీయించుకుంది.

సమాధానం గారు ఫోన్లో గంటసేపు కేకలేశారు. ఆయన పేరు మీద తప్పుడు తేదీ పంపించాను కదా. తిట్టి తిట్టి, చివరికి నా వివరణను ఆయనే ట్రిబ్యునల్లో అందజేశారు. ఈ నెల మొదట్లో కేసు కొట్టేశారు. నన్ను గట్టిగా మందలిస్తూ ఒక పేరా రాశారు. రాఘవమ్మను ఏమీ అనలేదు. నష్టపరిహారానికి గడువు వేరు, ఐదేళ్ళు, అది కావాలంటే కొత్తగా వేసుకోవచ్చన్నారు. మూడో రోజుకు మోటార్లు మొదలయ్యాయి. మా వరండాలోకి కూడా ఆ మోత వినిపిస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

ప్రిన్సిపాల్ గారు క్లినిక్ బాధ్యత రోజారమణి అనే కొత్త లెక్చరరుకు ఇచ్చారు. మంచిపిల్లే. తాళాలు ఇస్తుంటే, సలహా ఏమైనా చెప్పమని అడిగింది. ఫైళ్ళు తెరిచి చూస్తూ ఉండమని చెప్పాను. గోడ మీద ఫోటోలు అలాగే ఉన్నాయి. నాకు ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలకు కాంట్రాక్టు చట్టం క్లాసులు. మధ్యాహ్నం రెండింటికల్లా ఖాళీ. స్టాఫు రూములో నేను వెళ్తే మాటలు ఆగుతున్నాయి. మైపాడు గది వదిలేయమన్నారు అందరూ, కేసులు లేనప్పుడు అక్కడెందుకని. వదల్లేదు.

మొన్న బుధవారం రాఘవమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పరిహారం కేసు సంగతి చెప్పి, కొత్త మేడమ్ పిల్లలను తీసుకుని వస్తుందన్నాను. అడ్డంగా తల ఊపింది. "పిల్లోళ్ళొద్దు. నువ్వే రాసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాసి నాకు చదివి వినిపించు" అంది. ఇప్పుడు క్లినిక్ నాది కాదమ్మా అన్నాను. అయితే మాత్రం, చెయ్యి నీదే గదా అంది.

సరేనని కూర్చున్నాను. ఎండలో, బావి పక్కన, ఒక్కదాన్నే. పాతికేళ్ళలో ఒక అఫిడవిట్ నా చేత్తో మొదటి నుంచి చివరిదాకా రాయడం ఇదే. మొగుడు ఆ బావి తవ్వించిన ఏడాది నుంచి మొదలుపెట్టింది. కేసుకు పనికిరానివి చాలా చెప్పింది. ఎక్కడా అడ్డం పడలేదు, అన్నీ రాశాను. పొద్దు వాలింది. పక్క గుంటల్లో మోటార్లు ఆడుతూనే ఉన్నాయి, వాటి మీదుగా వినపడేలా గట్టిగా చదివి వినిపించాను. ముక్కోటి అన్న తేదీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి, ఆ ముక్క ఇంకోతూరి చదవమంది. చదివాను. నా మొహం వైపే చూస్తూ, ఇంకోతూరి అంది. మళ్ళీ చదివాను. అప్పుడు ముద్ర వేయడానికి బొటనవేలు ముందుకు చాపింది.

నీ చెల్లెలు,
అబిగయీలు